పది గంటల లాటరీ

ఉదయం పదింటికి ఆన్‌లైన్‌లో విడుదలయ్యే తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు ముందొచ్చినవాళ్లకు ముందు దొరుకుతాయని అందరూ అనుకుంటారు. ఆ పది గంటల విడుదల కూడా లాటరీయేనని, అదీ చీటీలు సరిగ్గా కలపని లాటరీ అని నా వాదన. ఎలాగూ లాటరీయే అయినప్పుడు దాన్ని బాహాటంగా, లెక్క చూపించి తీస్తే భక్తులకూ మేలు, సర్వర్లకూ మేలు.

తెలియనివాళ్ల కోసం ముందు క్యాలెండర్ చెప్పాలి. మూడు నెలల తర్వాతి కోటా ఈ నెలలోనే విడుదలవుతుంది. సుప్రభాతం, తోమాల, అర్చన, అష్టదళ పాదపద్మారాధన లాంటి సేవలకు సాధారణంగా 18వ తేదీ ఉదయం పది నుంచి 20వ తేదీ ఉదయం పది దాకా పేర్లు నమోదు చేసుకుంటారు. తర్వాత డిప్, అంటే లాటరీ, తీస్తారు. తగిలినవాళ్లు 22వ తేదీ మధ్యాహ్నంలోపు డబ్బు కట్టాలి. కల్యాణోత్సవం, ఊంజల్ సేవ, ఆ తర్వాత 24న వచ్చే 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం, గదులు మాత్రం గంట కొట్టగానే ఎవరు ముందు నొక్కితే వాళ్లకు. అంటే ఒకే వారంలో, ఒకే సైటులో రెండు పద్ధతులూ నడుస్తున్నాయన్నమాట. డిప్ నమోదు రోజుల్లో సైటు తెరుచుకోలేదని గోల పెట్టేవాళ్లు అరుదు. గోలంతా గంట కొట్టే రోజుల్లోనే.

ఆ గంట కొట్టినప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

ముందుగా, పది అయిందని చెప్పేది ఎవరి గడియారం? ఫోన్ గడియారం ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ ఉండటం మామూలే. తలుపు తెరిచేది సర్వర్ గడియారం. తిరుపతిలో ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంటి నుంచి రిక్వెస్ట్ పదీ ఇరవై మిల్లీసెకన్లలో చేరితే, పలమనేరు దాటాక సిగ్నల్ రెండు గీతలకు పడిపోయిన ఊళ్లో 4జీ మీద నూట యాభై పట్టొచ్చు, ఒక డేటా ముక్క (ప్యాకెట్) దారిలో పోతే సెకను కూడా దాటొచ్చు. సురక్షిత కనెక్షన్ కుదరడానికే ఫోనుకీ సర్వర్‌కీ మధ్య రెండు మూడుసార్లు రాకపోకలు జరగాలి కాబట్టి ఈ తేడా అన్నిసార్లూ పెరుగుతుంది. ఇద్దరూ ఒకే క్షణంలో నొక్కినా ఒకరు ముందు, ఒకరు వేల మంది వెనక. రిక్వెస్టులు వచ్చిపడేది కూడా ఒక్క యంత్రం మీద కాదు, లోడ్ బ్యాలెన్సర్ వాటిని పదుల యంత్రాలకు పంచుతుంది. ఒక యంత్రం ముందు రద్దీ తక్కువుంటే అక్కడ పడినవాడు, పక్క యంత్రంలో తనకంటే ముందు పడినవాణ్ణి దాటిపోతాడు. మొత్తమ్మీద ఎవరు ముందొచ్చారన్నది ఎక్కడా ఒకచోట రాసి ఉండదు.

దీన్ని సర్దడానికే వర్చువల్ క్యూ పెడతారు. "మీరు వరుసలో ఉన్నారు, పేజీ మూయకండి" అని వస్తుందే, అది. ఇలాంటి వెయిటింగ్ రూమ్ ఉత్పత్తుల్లో చాలావాటికి ఒక సంగతి ఉమ్మడి: తలుపు తెరవకముందే వచ్చి కూర్చున్నవాళ్లకు, తెరిచే క్షణంలో వరుస నంబర్లు యాదృచ్ఛికంగా ఇస్తాయి. తొమ్మిదిన్నరకు వచ్చినా, తొమ్మిదీ యాభై తొమ్మిదికి వచ్చినా ఒకటే. పేరు క్యూ, పని లాటరీ. ఇందులో తప్పేమీ లేదు, ఇంజనీరింగ్‌గా చూస్తే మంచి నిర్ణయం కూడా. చిక్కల్లా చీటీ లెక్కలో ఉంది. ఈ లాటరీలో చీటీ మనిషికి ఇవ్వరు, బ్రౌజర్‌కు ఇస్తారు. ఇంట్లో రెండు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్, ఒక ట్యాబ్ ఉన్నవాడికి నాలుగు చీటీలు. ఒక్క ఫోన్ ఉన్న ఇంటికి ఒకటే. పది కంప్యూటర్ల నెట్ సెంటర్‌కు పది, ఒక్కో దాంట్లో వేర్వేరు బ్రౌజర్లు తెరిస్తే ఇంకా ఎక్కువ.

ఐపీ అడ్రస్‌కు, అంటే నెట్‌లో ఒక్కో కనెక్షన్‌కు ఉండే చిరునామాకు, ఇన్నే అని పరిమితి పెడితే సరిపోదా అంటారు. మన మొబైల్ నెట్‌వర్కులు పాత తరహా ఐపీవీ4 అడ్రస్ ఒకదాని వెనక వేల మంది చందాదారులను పెడతాయి. ఆ అడ్రస్‌ను ఆపితే ఒక దళారితో పాటు ఓ మండలం ఆగిపోతుంది. క్యాప్చా పెడితే అక్షరాలు కనబడని పెద్దవాళ్లు ఆగుతారు, తన బదులు క్లిక్కులు కొట్టే ప్రోగ్రాం (స్క్రిప్టు) రాసినవాడు ఆగడు.

క్యూ దాటి లోపలికి వెళ్లాక అసలు పని మొదలవుతుంది. తేదీ, సమయం ఎంచుకోగానే ఆ టికెట్లను మీ పేరిట కొన్ని నిమిషాలు పట్టి ఉంచాలి, లేకపోతే మీరు పేర్లు టైపు చేసేలోపు ఇంకొకరు పట్టుకుపోతారు. ఈ పట్టి ఉంచడంలో రెండు తప్పులు తరచూ జరుగుతాయి. మొదటిది, మిగిలిన టికెట్లు ఎన్నో చదివి, లెక్క వేసి, తర్వాత తగ్గించి రాయడం. చదవడానికీ రాయడానికీ మధ్య సందులో ఇంకో వంద మంది అదే సంఖ్య చదివేస్తారు, ఉన్నవాటికన్నా ఎక్కువ అమ్ముడుపోతాయి. "కనీసం ఇన్ని మిగిలుంటేనే ఇన్ని తగ్గించు" అని డేటాబేస్‌కు ఒకే ఆదేశంలో చెప్పాలి. రెండోది, అందరూ ఒక్క శనివారం మీదే పడటం. ఆ రోజు లెక్క డేటాబేస్‌లో ఒకే గడిలో ఉంటే, ఒకరు దాన్ని మార్చేంతసేపు ఆ గడికి తాళం పడి మిగతా రిక్వెస్టులన్నీ దాని వెనక నిలబడిపోతాయి. ఆ కోటాను యాభై చిన్న ముక్కలుగా విడగొట్టి, వచ్చినవాళ్లను ముక్కలకు పంచితే ఈ నిరీక్షణ చాలా తగ్గుతుంది. చివర్లో మాత్రం ఒక ముక్కలో రెండు, ఇంకో ముక్కలో రెండు మిగిలి నలుగురి కుటుంబానికి లేవని చెప్పే చిక్కు వస్తుంది. దానికి ముక్కలను మళ్లీ కలిపే పని ఒకటి రాయాలి.

పట్టి ఉంచిన గడువులోపు డబ్బు కట్టనివాళ్ల టికెట్లు తిరిగి అమ్మకానికి వస్తాయి. "అయిపోయాయి" అని చూపించిన పావుగంటకు కొన్ని మళ్లీ కనబడటానికి కారణం ఇదే. తెలిసినవాళ్లు వెళ్లిపోకుండా కాచుకుని కూర్చుంటారు, తెలియనివాళ్లు "ఈసారికింతే సామీ" అని లేచిపోతారు. ముందొచ్చినవాళ్లకు ముందు అనుకున్నది, లోపలి సంగతి తెలిసినవాళ్లకు ముందు అయిపోయింది.

ఇక డబ్బు. యూపీఐలో ఖాతా నుంచి పోయి, టికెట్ రాకపోవడం ఈ రద్దీలో మామూలుగా వినిపించే ఫిర్యాదు. బ్యాంకు నుంచి "వచ్చింది" అన్న కబురు సైటుకు చేరేలోపు పట్టి ఉంచే గడువు దాటిపోతే, లేదా ఆ కబురే దారిలో పోతే ఇట్లా అవుతుంది. సైటు కట్టేవాళ్లు చేయాల్సింది: డబ్బు కట్టే దశకు చేరినవాళ్లకు గడువు పొడిగించడం, ఒకే ఆర్డర్ నంబర్‌కు కబురు రెండుసార్లొచ్చినా ఒకసారే లెక్కించడం, రాకపోతే తామే బ్యాంకును అడగడం. కట్టినవాళ్లు చేయాల్సింది: వెంటనే రెండోసారి కట్టకుండా, ఆ లావాదేవీ 12 అంకెల యూటీఆర్ నంబర్ రాసుకుని, సైటులో పాత లావాదేవీల పేజీ చూసుకోవడం. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరు ఆదేశం ప్రకారం, ఖాతాలో డబ్బు పోయి వ్యాపారి వైపు నిర్ధారణ చేరకపోతే, లావాదేవీ జరిగిన రోజు కాక 5 రోజుల్లోపు డబ్బు తనంతట తాను వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. నిర్ధారణ చేరిన తర్వాత కూడా టికెట్ ఇవ్వకపోతే అది వేరే సంగతి, అప్పుడు సైటు వాళ్లే తిరిగి ఇవ్వాలి. బ్యాంకు చుట్టూ తిరిగేముందు ఈ రెంటిలో ఏదో తేల్చుకుంటే సగం తిరుగుడు తగ్గుతుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. అనుకోడానికి పది లక్షల మంది వస్తారనుకుందాం, ఒక్కొక్కరి పని పూర్తవడానికి ఇరవై రిక్వెస్టులు. మొత్తం రెండు కోట్లు. అందరూ మొదటి నిమిషంలో పడితే సెకనుకు సుమారు 3,33,000. అదే రెండు కోట్లు 48 గంటల నమోదు గడువులో పరుచుకుంటే సెకనుకు 116. మొదటిదానికి పెద్ద క్లౌడ్, వెయిటింగ్ రూమ్, రాత్రంతా మేలుకుని ఉండే బృందం కావాలి. రెండోదానికి మామూలు యంత్రాలు రెండు మూడు చాలు. నిజానికి 48 గంటల్లోనూ మొదటి గంట, చివరి గంట ఉబ్బుతాయి. సగటుకు ఇరవై రెట్లు వేసుకున్నా సెకనుకు సుమారు 2,300 మాత్రమే. పైగా మొదటి పద్ధతిలో విసిగి రిఫ్రెష్ కొట్టేవాళ్ల భారం అదనం. మన యాప్‌ల్లో కొన్నిటికి, విఫలమైతే సరిగ్గా ఇన్ని సెకన్లకు అని మళ్లీ ప్రయత్నించే అలవాటు రాసి ఉంటుంది. అందరి ఫోన్లూ ఒకేసారి విఫలమై, ఒకేసారి మళ్లీ మీదపడతాయి. ప్రతిసారీ ఆగే సమయాన్ని రెట్టింపు చేస్తూ, దానికి కొంత యాదృచ్ఛికం కలపాలని పుస్తకాల్లో ఉంది. చేసేవాళ్లు తక్కువ.

లాటరీ అనగానే "అంతా లోపల సర్దుకుంటారు" అనే అనుమానం వస్తుంది. న్యాయమైన అనుమానమే. దానికి మందు ఉంది, అదీ ఖరీదైనది కాదు. నమోదు గడువు ముగియగానే దరఖాస్తు నంబర్ల జాబితాను (పేర్లు, ఆధార్‌లు లేకుండా) మూసేసి, దాని ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్, అంటే జాబితా మొత్తానికి వేలిముద్రలాంటి ఒక సంఖ్య, బయటపెట్టాలి. జాబితాలో ఒక్క అంకె మారినా ఆ హ్యాష్ పూర్తిగా మారిపోతుంది, అంటే తర్వాత ఎవరినీ చేర్చలేరు. కలపడానికి మొదలు పెట్టే సంఖ్యను, అంటే సీడ్‌ను, ఆ హ్యాష్‌కు మర్నాటి సెన్సెక్స్ ముగింపు అంకెను చేర్చి తయారు చేస్తామని ముందే ప్రకటించాలి. ఆ అంకె గడువు ముగిసేటప్పటికి ఎవరికీ తెలియదు. తర్వాత జాబితా, ప్రోగ్రాం రెండూ బయటపెడితే, ఎస్వీ యూనివర్సిటీ ఎంసీఏ విద్యార్థి ఎవరైనా తన ల్యాప్‌టాప్‌లో అదే ప్రోగ్రాం నడిపి అదే ఫలితం వచ్చిందో లేదో చూసుకోవచ్చు.

ఈ సీడ్ గొడవ ఎందుకంటే, 32 బిట్ల సీడ్ వాడితే మొత్తం సాధ్యమయ్యే వరుసలు దాదాపు 429 కోట్లే. పెద్ద సంఖ్యలా ఉంది గానీ లోపలి మనిషి ఒకడు వాటిని ఒక్కొక్కటీ ప్రయత్నించి, తన బంధువుకు మొదటి నంబర్ వచ్చే సీడ్‌ను ఏరుకోవచ్చు. సీడ్ తన చేతిలో లేకపోతే ఏరుకునేదేమీ లేదు. కలపడం కూడా, ప్రతి స్థానానికీ మిగిలినవాటిలోంచి ఒకటి యాదృచ్ఛికంగా తీసే 1938 నాటి ఫిషర్-యేట్స్ పద్ధతిలో ఉండాలి. రెండేసి పోల్చినప్పుడల్లా బొమ్మా బొరుసా వేసినట్టు సార్ట్ కొట్టేస్తే కలిసిపోయినట్టే కనబడుతుంది, కొన్ని స్థానాలవైపు మొగ్గు ఉంటుంది. సరిగ్గా కలపకపోతే ఏమవుతుందో అమెరికా చూసింది. 1969 డిసెంబరు 1న సైన్యంలోకి ఎవరిని ముందు పిలవాలో తేల్చడానికి 366 పుట్టినతేదీల గొట్టాలను గాజు పాత్రలోంచి తీశారు. గొట్టాలను నెలల వరుసలో పోసి చాలీచాలకుండా కలిపారు. ఏడాది చివరి నెలల్లో పుట్టినవాళ్లకు మొదటి పిలుపులు ఎక్కువ పడ్డాయి. ఆ వరుస కొందరిని వియత్నాం యుద్ధానికి పంపింది.

మనవాళ్లకు ఇంకా బాగా తెలిసిన లాటరీ హెచ్-1బీ. 2024 ఆర్థిక సంవత్సరానికి సుమారు 7 లక్షల 80 వేల నమోదులు వచ్చాయి. అందులో 4 లక్షలకు పైగా ఒకే అభ్యర్థి పేరిట ఒకటికి మించి వేసినవి, కంపెనీలు మారి మారి వేసినవి. చీటీ దరఖాస్తుకు ఇచ్చారు కాబట్టి ఆ పని జరిగింది. తర్వాతి ఏడు చీటీని మనిషికి, అంటే పాస్‌పోర్టుకు, ఇచ్చారు. నమోదులు సుమారు 4 లక్షల 80 వేలకు పడిపోయాయి. పది గంటల క్యూలో బ్రౌజర్‌కు చీటీ ఇవ్వడం కూడా ఇదే తప్పు. ఆధార్ ఉన్నచోట ఒక మనిషికి ఒక చీటీ అన్నది చెప్పినంత తేలిక.

కుటుంబాల సంగతి కొంచెం చూసుకోవాలి. ఆరుగురు కలిసి వెళ్లాలంటే ఆరుగురికీ విడివిడిగా ఆరు చీటీలిచ్చి, ఎవరికి తగిలినా అందరూ వెళ్లొచ్చంటే ఒంటరిగా వెళ్లే వృద్ధుడికి అన్యాయం. గుంపుకు ఒకే చీటీ ఉండాలి. వరుసలో దిగుతూ, ఆ గుంపు కోరిన తేదీల్లో ఆరు ఖాళీలు ఉంటే ఇవ్వాలి, లేకపోతే దాటిపోవాలి. డబ్బు కట్టనివాళ్ల స్థానాలు అదే వరుసలో కిందివాళ్లకు పోవాలి తప్ప రెండో డిప్ తీయకూడదు.

డిప్ మీద నాకున్న ఫిర్యాదు వేరే. ప్రతి నెలా లెక్క కొత్తగా మొదలైతే కొందరికి ఎప్పటికీ తగలదు. పదిలో ఒక వంతు అవకాశం ఉందనుకుంటే, ఏడాది పాటు ప్రతి నెలా వేసినా ఒక్కసారీ తగలకుండా మిగిలిపోయేవాళ్లు వందకు 28 మంది. ఓడిన ప్రతిసారీ తర్వాతి నెలకు ఒక చీటీ కలుపుతూ, తగలగానే ఒకటికి దించేస్తే ఈ సంఖ్య బాగా తగ్గుతుంది. దళారులు ఊళ్లోవాళ్ల ఆధార్‌లన్నీ పోగేసి చీటీలు పెంచుకుంటారు కదా అంటే, ఆ టికెట్ మీద వెళ్లాల్సింది ఆ ఆధార్ మనిషే. లోపలికి పోయేటప్పుడు అసలు గుర్తింపు కార్డు చూస్తారు.

"ముందుగా తెలియకపోతే రైలు ఎట్లా బుక్ చేసుకోవాలి?" అనే ప్రశ్నకు ఇప్పుడు బలం లేదు. 2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60కి తగ్గింది. దర్శనం ఫలితం రెండు నెలలకు పైగా ముందే తేలుతుంది కాబట్టి టికెట్ చేతికొచ్చాకే రైలు కిటికీ తెరుచుకుంటుంది. రైల్వే తత్కాల్ మాత్రం ఇంకా గడియారాన్నే నమ్ముకుంది. 2025 జూలై నుంచి ఆధార్ తప్పనిసరి చేశారు, మొదటి అరగంట ఏజెంట్లకు తలుపు మూశారు. పోటీ పడేవాళ్ల జాబితాను వడకట్టారు, పోటీని అట్లే ఉంచారు. 2021 మే నెలలో కోవిన్‌లో టీకా స్లాట్ల కోసం జరిగింది గుర్తుందా? ఆ సైటు సర్వర్‌ను క్షణక్షణం అడిగే స్క్రిప్టులు రాసుకున్న మా వృత్తివాళ్లకు స్లాట్లు దొరికాయి. గొప్పగా కూడా చెప్పుకున్నాం. కూలికి పోయినవాడు స్క్రిప్టు ఎప్పుడు రాయాలి?

డబ్బుతో పంచడం మూడో పద్ధతి. టీటీడీ శ్రీవాణి ట్రస్టుకు 10,000 రూపాయల విరాళమిస్తే 500 రూపాయల బ్రేక్ దర్శనం. దాని గురించి నాకు అభిప్రాయముంది గానీ, కనీసం అది తనను తాను దాచుకోదు.

కౌంటర్ల దగ్గర జరిగేది సర్వర్ దగ్గర జరిగేదాని వంటిదే, మనుషుల ఒళ్లతో. 2025 జనవరి 9 తెల్లవారుజామున వైకుంఠ ద్వార దర్శనం టోకెన్లు ఇస్తామన్నారు. ముందురోజే జనం చేరిపోయారు. 8వ తేదీ రాత్రి తిరుపతి బైరాగిపట్టెడ దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. ఏర్పాట్ల లోపాలు, గేటు తెరిచిన తీరు, వాటి మీద విచారణ అంతా ఒక ఎత్తు. ఒక నిర్ణీత గంటకు, పరిమితమైన టోకెన్లు, ముందున్నవాళ్లకు అని ప్రకటించగానే ఎంత ముందు వస్తే అంత లాభమన్న లెక్క ప్రతి మనిషికీ మనమే నేర్పినట్టు. తర్వాతి వైకుంఠ ఏకాదశికి, 2025 డిసెంబరు 30 నుంచి మొదటి మూడు రోజుల టోకెన్లను ఆన్‌లైన్ డిప్‌లోనే ఇచ్చారు. నా మటుకు అది ఆ ఏడాది మన జిల్లాలో తీసుకున్న అన్నిటికన్నా మంచి సాఫ్ట్‌వేర్ నిర్ణయం. భక్తులకు కూడా దీన్ని ఒప్పించడం కష్టం కాదు. ఆయన పిలిస్తేనే కొండెక్కుతామని తరతరాలుగా అనుకుంటున్నవాళ్లకు డిప్ కొత్త సంగతా?

అన్నిచోట్లా డిప్ పనికిరాదు. 2025 జూన్, జూలైల్లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి మామిడి ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించినా, లోపలికి పోతేనే కదా ఆ ధర. అక్కడ సరుకు ఎండలో మెత్తబడుతుంటుంది. చీటీ తీసి "నీకు వచ్చే వారం" అంటే కాయ వినదు. అక్కడ కావాల్సింది కోతకు ముందే ఇచ్చే సమయం: ఫ్యాక్టరీ గంటకు ఎన్ని టన్నులు నలపగలదో ప్రకటించి, రైతు కోత తేదీ చెబితే ఆ మర్నాటికి గంట కేటాయించి, ఆ గంట ఖరారయ్యాకే కాయ కోయాలి. యంత్రం ఆగిపోతే తర్వాతి గంటలన్నీ జరిగి, ఆ కబురు ఎస్సెమ్మెస్‌లో వెళ్లాలి, రైతు కోత ఆపుకోవాలి. పదిహేను శాతం గంటలు ఖాళీగా ఉంచుకోవాలి, లేకపోతే ఒక్క మరమ్మతుకే వారమంతా తారుమారవుతుంది. మొత్తం పంట ఫ్యాక్టరీల శక్తిని మించిపోతే ఏ సాఫ్ట్‌వేరూ చేసేదేమీ లేదు. కనీసం ఆ సంగతి ట్రాక్టర్ నిండకముందే తెలుస్తుంది.

ఫోను లేనివాళ్ల కోసం విష్ణునివాసం, శ్రీనివాసం, భూదేవి కాంప్లెక్స్‌లలో ఇచ్చే సర్వదర్శనం టోకెన్లు అట్లే ఉండాలి. ఆన్‌లైన్‌లోకి మొత్తం ఎత్తేయమని నేను అనను. అయితే 300 రూపాయల డిప్‌కు కూడా ఫోను అక్కర్లేకుండా చేయవచ్చు. 48 గంటల గడువు ఉంటే గ్రామ, వార్డు సచివాలయంలో ఆధార్ చూపించి దరఖాస్తు వేయించుకోవచ్చు. పది గంటలకే పోటీ అయితే ఆ ఉద్యోగి ఒక్కరికి తప్ప ఇంకెవరికీ చేయలేడు. రసీదు మీద దరఖాస్తు నంబర్ రాసివ్వాలి. ఫలితాల రోజు ఆ సచివాలయంలో వేసినవాటిలో తగిలిన నంబర్లను ప్రింటు తీసి గోడకు అంటించాలి, తగలనివాళ్ల రసీదు వెనక వచ్చే నెలకు ఎన్ని చీటీలో రాయాలి.